బీబమ్మ తాగి చూసిన తంగేడు నీళ్లు

నిన్న సాయంత్రం కోడలు వేడినీళ్లలో ఏదో పూల టీ పొట్లం ముంచి నా చేతికిచ్చింది. ఎండుగడ్డి తడిసినట్టు, దాని వెనకాలే కాస్త తేనె ఉన్నట్టు ఓ వాసన. తంగేడు! డబ్బా మీద పేరు చదవకముందే నా మనసు పుంగనూరులో బీబమ్మ అంగడి ముందు నిలబడింది.

డెబ్భైల చివర్లో నేను మదనపల్లెలో ఒక కాలేజీలో వృక్షశాస్త్రం చెప్పేదాన్ని. టీకి బదులుగా తాగదగ్గ ఆకులూ పూలూ మా మెట్టనేలలో ఎన్ని ఉన్నాయో తేల్చాలని పిచ్చి పట్టింది. పుంగనూరులో ఎండుమూలికలు అమ్మే బీబమ్మను అడగమని ఎవరో చెప్పారు. అరవై దాటిన మనిషి, బక్కపలచన, నోరు మాత్రం గట్టిది. మొదటి రోజే నా నోటుపుస్తకం చూసి నవ్వింది.

"ఇన్ని రాసినావే, ఒగటన్నా తాగి సూసినావామ్మా?"

తాగలేదు. సిగ్గుపడ్డాను.

ఏ కొత్త సరుకు వచ్చినా మూడు రోజులు పరగడుపున తానే కాచుకుని తాగడం ఆమె పద్ధతి. నాలుక మీద ఎట్లా ఉంది, గంట తర్వాత కడుపులో ఎట్లా ఉంది, రాత్రి నిద్ర పట్టిందా లేదా, అన్నీ చెబుతుంటే నేను రాసుకునేదాన్ని. నాలుగో రోజున నాకిచ్చేది. నిమ్మగడ్డి తాగి "ఇది సుట్టాలకి పోయొచ్చు" అంది. దగ్గుకి వాడే అడ్డసరం ఆకు తాగి మొహం చిట్లించి, "ఇది మందు. టీ అని పేరు పెడితే తాగినోళ్లు తిడతారు" అంది.

ఆ ఏడు కాలేజీ వార్షికోత్సవానికి వచ్చేవాళ్లందరికీ తంగేడు పూల టీ ఇస్తామని ప్రిన్సిపాల్‌కి మాటిచ్చేశాను. పుంగనూరులో సరిపడా పూలు దొరక్క, కుప్పం సంతలో ఎండినవి ఒక సంచి కొనుక్కొచ్చాను. ఉత్సవం ఇంకా రెండు రోజులుంది.

"మూడు దినాలు కావాల" అంది బీబమ్మ.

"తంగేడు పువ్వు నాకు తెలీదా?" అని విసుక్కున్నాను.

"నీకు తెలుసుంటాది. నా కడుపుకి తెలీదు గదా. రేపు పొద్దున తాగి సెప్తా."

మర్నాడు మధ్యాహ్నం వెళ్తే అంగడి మూసుంది. ఇంట్లో చాప మీద ముడుచుకుని పడుకుని ఉంది. పొద్దున్నించీ విరేచనాలు, కళ్లు లోపలికి పోయాయి. ఇప్పటికీ తలవంపుగా ఉంటుంది, నా నోట వచ్చిన మొదటి మాట, "మరి రేపటికి టీ ఎట్లా?"

ఆమె కోప్పడలేదు. గిన్నెలో నానిన పూలు చూపించింది. "రేల పూలు కలిసుండాయి సూడు. అవి కడుపు కడిగేస్తాయి."

నీళ్లలో విచ్చుకున్న పూలలో కొన్నింటికి పొడవాటి కేసరాలు వంకర తిరిగి ఉన్నాయి. ఏటా బోర్డు మీద బొమ్మ గీసి చెప్పే తేడా అది. ముడుచుకుపోయిన ఎండుపూలను ఒకసారి నానబెట్టి చూడాలని నాకు తోచలేదు. ఆ సంచి అట్లాగే కాచి ఉంటే చిన్నపిల్లలూ ముసలివాళ్లూ తాగేవాళ్లు.

ఉత్సవం నిమ్మకాయ నీళ్లతో జరిగిపోయింది. ఆమె లేచి తిరిగాక ఇద్దరం కూర్చుని పూలు నానబెట్టి ఏరాం. తంగేడు మాత్రమే వేరుచేసి కాచింది. తప్పు నాదే కాబట్టి ఈసారి ముందు నేనే తాగుతానని గ్లాసు అందుకోబోయాను. ఆమె చెయ్యి వెనక్కి తీసుకుంది.

"యాల పంతం? నీకు పాలు తాగే బిడ్డ ఉండాది. నువ్వు తాగిందే గదా బిడ్డకి పోయేది? నాకెవురుండారు?"

మావాడికి అప్పుడు ఆరు నెలలు. ఆ మాట నేను ఆమెతో ఎప్పుడూ అనలేదు. తడిసిన జాకెట్టు మీద కొంగు కప్పుకోవడం చూసి ఉంటుంది.

ఆ తర్వాత ఎన్నో ఆకులు పరీక్షించాను. ఇంట్లో చంటిపిల్లలున్నారా అని అడగకుండా ఏ విద్యార్థిని చేతికీ గ్లాసు ఇవ్వలేదు. ముందు నేనే తాగాను. అది ఆమె నేర్పింది. కానీ ఆ రోజు, నాకెవురుండారు అని ఆమె అన్నప్పుడు, "నేను లేనా బీబమ్మా" అనాల్సింది. ఆమె తాగి రుచి చెబుతుంటే, తలవంచుకుని రాసుకున్నాను.