మల్లికి గంజి పెట్టిన రోజు

ఆ రోజుల్లో పెద్దమందడిలో నాకు ఒక్కతే దోస్తు. పేరు మల్లి, వయసు ఏడేళ్లు, తెల్లటి ఒళ్లు, నాలుగు కాళ్లు. ఈ చివరి సంగతి మాత్రం అమ్మకు చెప్పలేదు. గద్వాలలో మగ్గం మీంచి ఒక్క నిమిషం లేచి ఫోన్ చేసే అమ్మ రోజూ అదే అడిగేది: "తిన్నవా? ఆడ ఎవరన్న దోస్తులైన్రా?" ఎవరూ కాలేదంటే మగ్గం ఆపేసి బస్సెక్కి వచ్చేస్తుందని నా భయం. "మల్లి అని ఉందమ్మా, మా పక్కనే ఉంటది, మస్తు మంచిది" అన్నాను. (ఇందులో అబద్ధం ఎక్కడుందో చూపించండి.) ఇరవై రెండేళ్లకు మొదటి ఉద్యోగం, కంప్యూటర్ ముందు కూర్చుని రైతుల వివరాలు ఎక్కించే పని. ఆఫీసులో మిగతా అందరూ వనపర్తి నుంచి వచ్చిపోయేవాళ్లే, ఐదు కాగానే బస్సుకు పరుగెత్తేవాళ్లు. ఆదివారమంతా ఒక్క మాటా మాట్లాడక, సోమవారం పొద్దున నోరు తెరిస్తే గొంతు బొంగురుగా వచ్చేది.

మల్లి మా ఇంటి ఓనరమ్మ గుర్రం. ఊళ్లో ఆమెను అందరూ గుర్రపవ్వ అనేవాళ్లు. ఆమె భర్త బతికున్నప్పుడు మల్లిని పెళ్లి ఊరేగింపులకు తోలుకుపోయేవాడట. ఆయన పోయాక అవ్వే కళ్లెం పట్టుకుని పెళ్లికొడుకుల ముందు నడిచేది. మూడు నెలల్లో అవ్వ నాతో అన్నవి రెండే మాటలు: "నీళ్లొచ్చినయ్", "గేటెయ్యి". పొద్దున ఆమె మల్లితో మాట్లాడేది, సాయంత్రం నేను మాట్లాడేదాన్ని. ఒకరి గురించి ఒకరం ఏం చెప్పుకున్నామో మల్లి ఎన్నడూ బయటపెట్టలేదు.

ఆ ఎండాకాలం మల్లి ఒళ్లు గోడకేసి రుద్దుకోవడం మొదలుపెట్టింది. వీపు మీద ఎర్రటి మచ్చలు తేలాయి. ప్రతి పెళ్లికి ముందూ అవ్వ దాన్ని బట్టల సబ్బుతో తోమి, చివరి నీళ్లలో ధోవతులకు కలిపినట్టు నీలిమందు కలిపి పోసేది, మెరవాలని. అవ్వ మరిది వచ్చి చూసి, "ఇగ దీన్ని అమ్మెయ్ వదినా. గజ్జి గుర్రమని పెండ్లోళ్లు ఎల్లగొడ్తరు. మనం ఒప్పుకున్న బీచుపల్లి పెండ్లి నాటికి మంచిగ కాకుంటే నేనే తోలుకపోత" అని చెప్పి పోయాడు. గోడ ఇవతల నుంచి అంతా విన్నాను. అది పోతే ఆ ఊళ్లో నేను ఎవరితో మాట్లాడాలి? ఆ సాయంత్రం మొదటిసారి నేనే అవ్వ తలుపు కొట్టాను.

పశువుల డాక్టరును పిలుచుకొచ్చాం. ఆయన చూసి, "బట్టల సబ్బు, నీలిమందు బంద్. తేలికైంది ఏదన్న పెట్టున్రి. పెట్టినంక మంచిగ కడుగున్రి, ఒంటి మీద ఏం మిగల్వొద్దు" అని బండెక్కాడు. మేము మొదటి సగమే విన్నాం. మరునాడు నేను వనపర్తి పోయి దుకాణంలో అడిగాను.

"ఘాటు లేని షాంపూ కావాలన్నా. చర్మం సున్నితం."

"ఎంత వయసమ్మా?"

"ఏడేండ్లు. మూడు రకాలవి మూడు పెద్ద సీసాలియ్యి."

"ఏడేండ్ల పిల్లకు మూడెందుకమ్మా? జుట్టు పొడుగా?"

"మెడ పొడుగూతా ఉంటదన్నా. తోకకు గూడ."

ఆయన నా చేతిలో పెట్టిన సీసా మెల్లగా వెనక్కి తీసుకుని, "తోకకా?" అన్నాడు. నేను గుర్రం అని చెప్పేవరకు మళ్లీ ఇవ్వలేదు.

ఒక్కో రకాన్ని చెవి వెనక కొద్దిగా రాసి ఒక రోజు చూశాం. ఒకటి దద్దుర్లు తెచ్చింది. ఇంకొకదాన్ని అవ్వ వాసన చూసి, "ఏంది బిడ్డా, పూలతోట తెచ్చినవా? ఈగలన్ని ఈడికే వస్తయ్" అని పక్కన పెట్టింది. మూడోది బాగానే పడింది గానీ, సీసా మొత్తం ముందు కాళ్లకే అయిపోయింది. ఇక దిక్కులేక అమ్మకు ఫోన్ చేశాను. "మల్లికి ఒళ్లంత దురదమ్మా, పడే సబ్బు ఒక్కటుంటే అదీ సరిపోతలేదు."

"అయ్యో, పాపం పిల్ల! పలచగ గంజి కాసి రాసుకొమ్మను, జరసేపాగి కడుక్కొమ్మను. నీకు చిన్నప్పుడు చెమటకాయలకు గదే పెట్టిన."

ఇక్కడ మా ఇంటి అలవాటు అడ్డొచ్చింది. నేతవాళ్ల ఇంట్లో గంజి అంటే పడుగుకు, అంటే మగ్గం మీది నిలువు దారాలకు, పెట్టే గంజే. తెల్లవారగానే వీధిలో దారాలు సాగదీసి, చిక్కగా గంజి పట్టించి, కుంచెతో ఒకే వైపు దువ్వుతూ ఎండనిస్తాం, ప్రతి పోగూ గట్టిపడాలి. కడగడమన్న మాటే లేదు. నా చేతులకు తెలిసిన గంజి అదొక్కటే. పెళ్లి ఇంకా పన్నెండు రోజులుందనగా పెద్ద గిన్నెల్లో కాచి, మెడ నుంచి తోక దాకా పట్టించి, వెంట్రుక వాలు ప్రకారం శ్రద్ధగా దువ్వాను. "గింత చిక్కగనా?" అంది అవ్వ. "మా ఇంట్ల గిట్లనే పెడ్తమవ్వా" అన్నాను, ఎంతో తెలిసినదానిలా. మిగతా పని ఎండ చూసుకుంది.

పది గంటలకల్లా మల్లి మడత పెట్టడానికి సిద్ధమైంది. జూలు నిలువునా నిలబడింది, తోక చీపురుకట్టయింది. ఒళ్లు దులిపితే పటపటమని పొట్టు రాలింది. పక్కింటి మేకలు రెండు వచ్చి దాని కడుపు నాకడం మొదలుపెట్టాయి. మల్లి కదలకుండా నా వైపే చూసింది. నాకు ఏడుపొచ్చింది. "నేనే ఖరాబు చేసినవ్వా, ఇగ అమ్మేస్తరు" అని వెక్కాను. అవ్వ తోక పట్టుకుని వంచబోయింది, అది వంగలేదు. అవ్వ రాతి మీద కూలబడి నవ్వడం మొదలుపెట్టింది. ఆమె నవ్వు వినడం నాకు అదే మొదలు. "మా ముసలాయన గంజి పంచె లేంది గడప దాటకపోయె. గుర్రానికి గూడ కట్టిచ్చినవ్ గద బిడ్డా!"

మధ్యాహ్నం దాకా ఇద్దరం ఒట్టి నీళ్లే పోశాం, వేళ్లతో వెంట్రుకలు పాయలు తీసి మరీ. గంజితోపాటు కుదుళ్లలో ఎన్నాళ్ల నుంచో మిగిలిన సబ్బు తెల్లగా నురగై దిగింది. డాక్టరు చెప్పిన రెండో సగం అప్పుడు గుర్తొచ్చింది. నీళ్లు పోస్తున్నంతసేపూ అవ్వ మాట్లాడుతూనే ఉంది, మూడు నెలల మాటలు. ఆ తర్వాత మల్లికి ఒట్టి నీళ్లే. పెళ్లి నాటికి మచ్చలు మానాయి, బీచుపల్లిలో పెళ్లికొడుకును మోసింది. మరిది మళ్లీ అమ్మే మాట ఎత్తలేదు.

నెల తర్వాత అమ్మ చెప్పకుండా దిగింది, మల్లికని రవికె గుడ్డ పట్టుకుని. ఇక దాచలేక పెరట్లోకి తీసుకుపోయాను. అమ్మ గుర్రాన్ని చూసింది, నన్ను చూసింది. "ఇన్ని రోజులు దీనితోనే మాట్లాడినవా బిడ్డా?" అంది. వెనక నుంచి అవ్వ, "దానితోనే ఎందుకమ్మా, నాతో గూడ మాట్లాడ్తది. జర చాయ తాగుదువు రా" అంది. అమ్మ ఆ రవికె గుడ్డను మల్లి మెడకు కట్టి, కళ్లు తుడుచుకుంటూ లోపలికి నడిచింది.

ఇప్పుడు గద్వాలలో నా ఇల్లు నిండా మనుషులే. తలంటుకున్నప్పుడు నేను మాత్రం నీళ్లు పోసుకుంటూనే ఉంటాను. "ఇంకెంతసేపు?" అని మా ఆయన తలుపు కొడతాడు. "ఆగు, ఏం మిగల్వొద్దు" అంటాను. లోపల మాత్రం, గంజి గిన్నె పట్టుకుని గుర్రం ముందు ఏడుస్తున్న ఆ పిల్ల కనబడి నవ్వొస్తుంది. పాపం, ఆ పిల్లకు అప్పుడు ఎవరూ లేరు.