సూరులో సుట్ట

మాయత్త సోములమ్మకి ఈ లోకంలో ఎవరిమీదా నమ్మకం లేదు. ఉప్పు గురిగి మీద మూత, మూత మీద రాయి, ఆ రాయి ఏ పక్కకి తిరిగుందో గురుతెట్టుకుని మరీ పోడు పొలానికి ఎళ్ళేది. పెదబయలు సంతకి నన్నొక్కదాన్నే పంపితే, వొచ్చేక గంప కుమ్మరించి సూసేది. నాను దొంగనా ఏటి? ఒళ్ళు మండిపోయేది నాకు. అయినా ఆ రోజులే అలాటివి. దొరల మీద లేచిన పితూరీ సద్దుమణిగి ఏడాది కాలేదు. కట్టెలమోపు ఎత్తుకుని అడివిలోంచి వొస్తే ఎవడో ఒకడు ఎక్కడికెళ్ళేవని అడిగేవోడు. ఊరంతా ఒకల్నొకలు ఓరగా సూసుకునేవోరు. మాయత్త పుట్టినకాడినుంచీ అలాగే సూసేది.

అలాటి మనిసి ఒక్కరికే బయపడేది. అది ఆళ్ళ అత్త, గుర్బారి. నాను కాపరానికొచ్చిన ఏడే ఆ ముసిల్ది పోయింది. ఉన్నన్నాళ్ళూ కోడల్ని ఉడికించుకు తినీసింది. చోడి అంబలి పోస్తే ఒక గుక్క తాగి తుప్పున ఊసి, "ఇది ఉప్పా, మట్టా?" అనేది. మాయత్త అంత నోరూ ముసిల్దాని ముందు మూతబడిపోయేది.

తరవాత నాకు ఆడగుంట పుట్టింది. మా కొండల్లో పిల్ల ఉత్తినే పుట్టదు. ఇంట్లో పోయిన పెద్దలెవరో తిరిగొస్తారు. ఎవరొచ్చేరో తేల్చడానికి పేరెట్టే రోజున ఊరికి పూజలు సేసే సుక్రుని పిలిచేం. అడ్డాకు దొప్పలో నీళ్ళు పోసి, అందులో ఒక బియ్యపు గింజ ఏస్తాడు. పోయినోళ్ళ పేర్లు ఒక్కొక్కటే పిలుస్తూ రెండో గింజ వొదుల్తాడు. ఎవరి పేరుకి రెండు గింజలూ అంటుకుంటే ఆళ్ళే వొచ్చినట్టు.

నా బయం నాది. మాయత్త సెయ్యి ఊరుకునేది కాదు. పిల్ల రేపు నడిచి అల్లరి సేస్తే ఈపు సిట్లిపోద్ది. పిల్లని ఒళ్ళో ఏసుకుని కూకున్నాను. దొప్ప నా కుడి మోకాలికి ఆనుకుని ఉంది. గుర్బారి పేరు పిలిచేక మోకాలు రవ్వంత కదిపేను. గింజలు గబుక్కున కలిసిపోయేయి.

"గుర్బారే," అన్నాడు సుక్రు.

మాయత్త మొకంలో నెత్తుర్లేదు. నాను తలొంచుకుని నవ్వాపుకున్నాను.

ఇంక సూడండి, మా ఇంట్లో కత తిరగబడిపోయింది. అత్తపేరు కోడలు పలకకూడదు కదా. పిల్లకి ఆ పేరే పెట్టేరు కాబట్టి మాయత్త దాన్ని "అత్తా" అనే పిలవాలి. రెండేళ్ళ గుంట కోడిపెట్టని తోకట్టుకుని ఈడుస్తా ఉంటే, ఎనకాల మాయత్త, "అత్తా, వొదిలెయ్ అత్తా, అది గుడ్లు పెట్టాల," అని బతిమాలేది. పిండి తట్టలో నీళ్ళు గుమ్మరించి అందులో కూకుంటే, "కడుపునిండిందా అత్తా?" అని ఎత్తుకునేది. ఒళ్ళో ఉచ్చ పోసిందా, ఏ తప్పుకి పోసిందో అని ఆలోచించేది. ఓసారి అంబలి ఊసీసింది. ఏ పిల్లయినా ఊస్తాది. మాయత్త మాత్రం లేచెళ్ళి గురిగి తీసి ఉప్పు నాలిక మీదేసుకుని సూసింది.

"మీ అత్త అచ్చం ఇలాగే ఊసేదా?" అన్నాను, ఏమీ ఎరగనట్టు.

"నోర్ముయ్. ఇంటాది," అన్నాది.

మా ఆయన మల్లేశుకి ఇదంతా ఏడుకే. నాకూ ఏడుకే, సుక్రు ఆ మాట అనే దాకా. పేడ అలుకుతా ఉంటే నా సెవినే పడింది. అరుగు మీద మాయత్త అడుగుతోంది, "కోపంతో తిరిగొచ్చినోళ్ళు ఏం సేస్తారు?" అని.

"ఉండరు. ఆళ్ళకి రావాల్సింది ఇచ్చెయ్యకపోతే, వొచ్చిన దారినే ఎళ్ళిపోతారు," అన్నాడు సుక్రు.

ఆ రోజునుంచీ మాయత్త పిల్లని సూసే సూపు మారిపోయింది. నిద్దరోతా ఉంటే ముక్కుకాడ ఏలెట్టి ఊపిరి సూసేది. నాకు మంట, బయం రెండూను. ఈవిడ ముసిల్దానికి ఏటి అన్నేయం సేసింది, ఇంత బయం దేనికి? ఇప్పుడు అనుమానం నా వొంతయింది.

దానికి తోడు ఆ గుంట కొత్త పని మొదలెట్టింది. అరుగు మీద కూకుని, గుమ్మం పైన సూరు కేసి ఏలు సూపించి "ద్దా, ద్దా" అని ఒకటే గోల. అక్కడ పిచ్చిక గూడుంది. ఎవరికైనా పిచ్చికే కనపడతాది. మాయత్త మాత్రం పిల్లని సంకనేసుకుని లోపలికి ఎళ్ళిపోయేది. ఓలమ్మ, ఇదేదో దాసింది సూరులో అనుకున్నాను. నా ముక్కుపుడక పోయి ఆరునెల్లయింది మరి. మాయత్త నీళ్ళకి ఊటకి ఎళ్ళడం సూసి, రోలు బోర్లించి ఎక్కి గడ్డిలో సెయ్యెట్టేను. ఎప్పుడు ఎనక్కొచ్చిందో తెలీదు.

"ఆ సూరు ముట్టుకున్నావంటే సెయ్యి ఇరగ్గొడతాను," అన్నాది. కుండ ఇంకా ఖాళీగానే ఉంది.

అప్పుడు గురుతొచ్చింది నాకు ఇంకోటి. సుట్ట నిప్పుని నోట్లోకెట్టి అడ్డపొగ పీల్చకపోతే పూట గడవని మాయత్త, ముసిల్ది పోయినకాడినుంచీ సుట్ట ముట్టలేదు.

మామిడి పిందెల రోజుల్లో పిల్లకి జొరమొచ్చింది. మూడో రోజుకి ఒళ్ళు పెనంలా కాలిపోతోంది. మల్లేశు సుక్రుని తేడానికి బేగి ఎళ్ళేడు. మట్టమజ్జాన్నం, అరుగు మీద పిల్లని ఒళ్ళో ఏసుకుని తడిగుడ్డ ఏస్తున్నాను. మాయత్త పిల్ల నోట్లో ఒక్కో సుక్క గంజి పోస్తా "ఆమ్, అత్తా, ఆమ్" అంటోంది. పిల్ల కళ్ళు తెరిచి, సూరు కేసి ఏలు సూపించింది.

మాయత్త గంజి దొప్ప కింద పెట్టీసింది. లేచి, గుమ్మం పైన గడ్డిలోకి మోసేతిదాకా సెయ్యి దోపి, ఒక సుట్ట తీసింది. పొగ పట్టి నల్లగా బిరుసెక్కిపోయింది.

"మా అత్త పోయే రోజున ఇదే అడిగింది," అన్నాది, నా కేసి సూడకుండా. "నువ్వు సంతకెళ్ళేవు. పొద్దున్నే అంబలి నా మొకాన ఊసింది. ఆ మంటలో సుట్ట లేదన్నాను. 'నీకాడుంది, నాకు తెలుసు' అన్నాది. 'ఉంటే ఎతుక్కో' అన్నాను. ఊటకెళ్ళి వొచ్చేసరికి పోయింది. కళ్ళు సూరు కేసే ఉన్నాయి."

మాయత్త నేల మీద కూకుని సుట్ట పిల్ల సేతిలో పెట్టింది. "తీసుకో అత్తా. అబద్ధం ఆడేను. నాకాడే ఉంది. కోపం పోతే ఉండు, ఎళ్ళిపోకు," అని దండం పెట్టింది. ఆవిడ ఏడవడం నాను అదే సూడ్డం.

దొప్ప కదిపింది నానే అత్తా, ముసిల్దీ రాలేదు ఏటీ రాలేదు అని సెప్పీడానికి నోరు తెరిచేను. సెప్పీస్తే ఆ బయం పోద్ది. మరి ఆవిణ్ణి సెమించడానికి ఎవరుంటారు? గుడ్డ మళ్ళీ తడిపి పిల్ల నుదుటి మీదేసేను.

పిల్ల సుట్టని వాసన సూసి మొకం సిట్లించింది. అటూ ఇటూ తిప్పింది. "ఆమ్," అని మాయత్త నోట్లో కుక్కీసింది.

మాయత్త ఆ సుట్ట పళ్ళమద్దిన పట్టుకుని అలాగే కూకుంది. కన్నీళ్ళు గెడ్డం మీంచి కారుతున్నాయి, మొకం మాత్రం నవ్వుతోంది. సుక్రు వొచ్చేసరికి పిల్లకి సెమట పట్టింది, పొద్దుగూకే యేలకి జొరం దిగింది. మాయత్త పొయ్యిలోంచి నిప్పు తెచ్చి మూడేళ్ళ తరవాత సుట్ట కాల్చింది. ఉప్పు గురిగి మీద రాయి మాత్రం తియ్యలేదు.

మర్నాడు మాయత్త పొలానికెళ్ళేక, నాను గుమ్మంలో కూకుని చోళ్ళు సెరుగుతున్నాను. గుంట గోడ పట్టుకుని నా కాడికొచ్చింది. నా మొకంలోకి ఒకసారి సూసింది. ఒంగి, నా కుడి మోకాలి మీద సెయ్యేసి, టప్ టప్ మని రెండు దెబ్బలేసి నవ్వింది.

సేట నా సేతిలోంచి జారిపోయింది. పిల్లలు ఏదో ఒకటి కొడతానే ఉంటారు, నాకు తెలుసు. ఆ మోకాలే ఎందుకు కొట్టాలి? పేరెట్టిన రోజున దాన్ని నానే కదిపేనా అని ఇప్పటికీ నాకు అనుమానమే. ఆ పొద్దున మాత్రం అంబలి కాచేక ఉప్పు రెండుసార్లు సూసుకుని, పిల్ల ముందు పెట్టి, "తాగు మామ్మా," అన్నాను.