తెలుగు రాదన్నాను

జంషెడ్‌పూర్ వచ్చిన మూడో రోజు సాయంత్రం సాక్చి బజారులో షేర్ ఆటో ఎక్కాను. సోనారిలో గది దొరికిందని, అక్కడికే వెళ్తున్నానని అమ్మకు చెప్పి ఫోన్ పెట్టేశాను. పక్కన వెలిసిన చీరలో, ఒళ్లో కూరల సంచితో కూర్చున్న పెద్దావిడ ముఖం వెలిగిపోయింది.

"ఏటమ్మా, మనోళ్ళేనేటి? ఏ ఊరు మీది?"

కొత్త ఊళ్లో ఎవరితోనూ మాట కలపొద్దని అందరూ చెప్పారు. కానీ నా కారణం అది కాదు. ఆ చీర చూసి, ఆ యాస విని, ఈవిడతో నాకేం పని అనుకున్నాను.

"తెలుగు నహీ ఆతా" అన్నాను.

ఆవిడ నన్నోసారి చూసి, సంచి సర్దుకుంది. కాసేపటికి హిందీలో నాకేదో చెప్పింది. నా అబద్ధాన్ని మన్నించి హిందీలో చెప్పిందని అప్పుడు తట్టలేదు. నాకొచ్చిన హిందీ ఆ రెండు ముక్కలే. తెల్లమొహం వేశాను. అప్పుడావిడ నా చెవి దగ్గరకు వంగి, మిగతావాళ్లకు వినపడకుండా అంది.

"ఇది సోనారి ఎల్లదమ్మా. జుగ్సలాయి ఎల్తాది. దిగు, నాను సూపిత్తాను."

నాతోపాటు తనూ దిగింది. మోకాలి నొప్పితో కుంటుతూనే నన్ను రోడ్డు దాటించి, సోనారి ఆటో ఆపి ఎక్కించింది.

తెలుగు రాదని ఎందుకన్నావని ఆవిడ అడగలేదు. అడిగితే చెప్పడానికి మరో అబద్ధం అప్పటికే సిద్ధం చేసుకున్నాను. ఆవిడ ముఖం ఇప్పుడు సరిగ్గా గుర్తులేదు. చెప్పాల్సిన అవసరం రాని ఆ రెండో అబద్ధం మాత్రం మాటమాటా గుర్తుంది.