ఖాళీ అని రాసి ఇచ్చిన కార్డు

పదవీ విరమణకు పద్నాలుగు నెలలుండగా, ఒక ఆగస్టులో, నన్ను పెనుకొండ ఆఫీసుకు తనిఖీ అధికారిగా వేశారు. శాఖ పేరు రాయను. పింఛను ఇంకా అక్కడి నుంచే రావాలి. రోజూ పొద్దున హిందూపురంలో బస్సెక్కి పెనుకొండలో దిగడం, మగ్గాలకు నష్టం జరిగిందంటే ధర్మవరం వెళ్లి ఫోటోలు తీసుకు రావడం నా పని.

ఆ నెల వానకు ధర్మవరంలో ఒక వీధి మగ్గాల గుంతలన్నీ నీళ్లతో నిండాయి. నేతగాళ్లు కాళ్లు పెట్టుకుని మగ్గం తొక్కే గుంతలవి. నష్టం రుజువైన వాళ్లకు ప్రభుత్వం కొత్త మగ్గం ఇస్తుంది. రుజువంటే ఫోటో. ఫోటో తీసేదాకా మగ్గం ముట్టకూడదని ఉత్తర్వు. ఓబులమ్మ అనే నేతగత్తె ఈ ఉత్తర్వును వేదవాక్కుగా తీసుకుంది. మేము దయచేసేదాకా నాలుగు రోజులు మగ్గం మీద తడిసిన పడుగు దారాలను, గుంతలో నీళ్లను అలాగే కాపలా కాసింది. నేను ఫోటో తీసి అటు తిరగ్గానే నీళ్లు తోడి, కుళ్లిన పడుగు కోసి పారేసింది.

ఆఫీసుకొచ్చి కెమెరాలోని మెమరీ కార్డు తీసి, కంప్యూటరుకు తగిలించిన కార్డు రీడరులో పెట్టాం. కెమెరా కొత్తది, కార్డు అరవై నాలుగు జీబీ. రీడరు మాత్రం ముప్పై రెండు జీబీయే మహా గొప్ప అనుకున్న రోజులది. రెండు కార్డులూ చూపుకు ఒకటే, గాడిలో చక్కగా దూరుతాయి. పెద్ద కార్డులో ఫోటోలను అమర్చే పద్ధతే వేరని ఆ పాత రీడరుకూ తెలియదు, దానికి తగ్గ మా పాత కంప్యూటరుకూ తెలియదు. తెలియదని ఒప్పుకునే అలవాటు మా ఆఫీసులో ఎవరికీ లేదు, యంత్రాలకు మాత్రం ఎందుకుంటుంది? కార్డును ఫార్మాట్ చేయమంటారా అని కంప్యూటరు అడిగింది. అంటే అంతా తుడిచేయమంటారా అని.

సీనియర్ అసిస్టెంటు నరసింహులు మౌస్ మీద చెయ్యి వేసి, ఆగాడు. స్టాకు రిజిస్టరులో ఎక్కిన వస్తువును తుడవడానికి రాతపూర్వక అనుమతి కావాలన్నాడు. ముప్పై ఏళ్ల సర్వీసులో అతని చాదస్తం ప్రజలకు ఉపయోగపడింది ఆ ఒక్కసారే.

ఇక నా ఘనకార్యం. "కార్డు ఖాళీ, ఫోటోలు లేవు" అని నోట్ రాసి సంతకం పెట్టాను. ఫోటో లేని పేర్లన్నీ శనివారం సాయంత్రానికి "నష్టం లేదు" అనే గడిలోకి పోతాయని పై అధికారి చెప్పారు. మళ్లీ తీసుకొస్తానని ఆ కార్డే కెమెరాలో పెట్టుకుని శనివారం పొద్దున్నే ధర్మవరం వెళ్లాను.

ఓబులమ్మ గుంత ఎండిపోయి, శుభ్రంగా ఉంది. విషయం చెప్పాను.

"నాల్గు దినాలు నీళ్లు తోడకుండా మీ కోసరం కూసుంటిని గదా సార్! ఇప్పుడు మళ్లా గుంతలో నీళ్లు పొయ్యమంటారా?" అంది. సిగ్గేసింది.

కార్డు సంగతి అడిగి తెలుసుకుని, తలపైని జకార్డు పెట్టె వైపు చూపించింది. చిల్లుల అట్టలను చదివి చీర అంచు డిజైనుకు దారాలు ఎత్తేది ఆ పెట్టే. "ఇది నూట ఇరవై కొక్కేలది సార్. దీనికి రెండొందల నలభై కొక్కేల అట్టలు కడితే నేస్తాదా? నెయ్యకపోతే అట్టల్లో డిజైనే లేదంటామా? పెండ్లి ఫోటోలోళ్లు ఎనక్కి తిప్పి చూపిస్తారు గదా, ఆ కెమెరాలోనే చూడరాదా?"

చూశాను. నీళ్ల గుంత, తడిసిన పడుగు, పక్కన ఆమె. అన్నీ ఉన్నాయి. ముగ్గురు డిగ్రీ చదివిన అధికారులం, తీసిన కెమెరాలో చూడాలని ఒక్కరికీ తోచలేదు!

కెమెరాను నేరుగా కంప్యూటరుకు కలిపే తీగ దాంతోపాటే వచ్చింది. స్టాకు తనిఖీ కాలేదని నరసింహులు ఎప్పుడో దాని డబ్బాకు లక్క సీలు వేసి బీరువాలో పెట్టాడు. మధ్యాహ్నం రెండింటికి పెనుకొండ చేరి, అతను వద్దు వద్దంటున్నా సీలు పగలగొట్టాను. కంప్యూటరు చదవలేని కార్డును కెమెరా తానే చదివి, ఫోటోలన్నీ అందించింది. సాయంత్రం జాబితాలో ఓబులమ్మ పేరు సరైన గడిలో వెళ్లింది. మూడు నెలలకు కొత్త మగ్గం వచ్చింది. నాకు మాత్రం వారంలోనే మెమో వచ్చింది, అనుమతి లేకుండా సీలు తీసినందుకు. కార్డు ఖాళీ అని అబద్ధం రాసి సంతకం పెట్టినందుకు ఎవరూ ఏమీ అడగలేదు.

రీడరు ఇంకా అక్కడే ఉంది. పదవీ విరమణ చేసి నా బాధ్యతలు అప్పగించిన రోజు, వస్తువుల జాబితాలో దాని ఎదుట "పనిచేయుచున్నది" అని నరసింహులు ముందే రాసిపెట్టాడు. దాన్ని కొట్టేసి, "ముప్పై రెండు జీబీ వరకే చదువును" అని రాసి సంతకం చేశాను. ఖాళీ అని రాసే ముందు, చదివినవాడికి చదువు వచ్చో రాదో చూడాలి. ముప్పై నాలుగేళ్ల ఉద్యోగంలో నాకు ఇది చెప్పింది ఒక్క ఓబులమ్మే.