మధ్యాహ్నం డ్యూటీలో రాత పని

మా క్వార్టర్‌లోకి కంప్యూటర్ వచ్చిన వారంలోనే మా ఆయన దాని మెనూను పట్టుకుని డ్యూటీల వారీగా విడగొట్టేశాడు.

ఆయన పాల్వంచ పవర్ ప్లాంటులో షిఫ్టుల మీద పనిచేసే కంట్రోల్ రూం ఆపరేటర్. ఏ మీట ఎవరు ముట్టుకోవాలో, ఎవరు ముట్టుకోకూడదో తేలందే ఆయనకు అన్నం సహించదు. మా గ్యాసు పొయ్యికి కూడా ‘పెద్దది’, ‘చిన్నది’ అని చీటీలు అంటించిన మనిషి. స్టార్ట్ బటన్ నొక్కగానే కింద నుంచి పైదాకా లేచి నిలబడే ఆ పేర్ల వరసను చూసి హడలిపోయాడు. ఇన్ని మీటలు మూతల్లేకుండా బయట పెట్టి ఇంట్లోవాళ్ల చేతికి ఎలా ఇస్తారని ఆయన బాధ.

మెనూలో మూడు ఫోల్డర్లు చేశాడు. పొద్దున డ్యూటీ, మధ్యాహ్నం డ్యూటీ, రాత్రి డ్యూటీ. ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు పేర్లు. చర్చి పాటలు వినేది పొద్దున కాబట్టి పాటల ప్రోగ్రాం అక్కడికి పోయింది. పేకాట రాత్రి డ్యూటీలో పడింది. నేను బడి నుంచి వచ్చాక ప్రశ్నపత్రాలు టైపు చేసుకుంటాను గనక ఆ సరంజామా అంతా మధ్యాహ్నం డ్యూటీకి చేరింది. అసలు పేర్లు కూడా మిగల్చలేదు. టైపు చేసేదాని పేరు ‘రాత పని’, మార్కుల పట్టిక వేసేదాని పేరు ‘గళ్ల పని’. మిగతావన్నీ కనిపించకుండా దాచేశాడు. అవేంటని అడిగితే నాకు పనికొచ్చేవి కావన్నాడు. అవేంటో ఆయనకూ తెలియదని నాకు అప్పుడే అనుమానం వచ్చింది.

నా సంసారంలో ఏది ఎక్కడుండాలో ఇంకొకరు చెబితే నాకు ఒళ్లు మండుతుంది. ఆయన డ్యూటీ బస్సెక్కగానే ‘గళ్ల పని’ని పైకి లాగేదాన్ని. ఆయన తిరిగొచ్చి కిందికి లాగేవాడు. ఒకసారి పాటల ప్రోగ్రాంను మూడు డ్యూటీల్లోనూ పెట్టాను. ‘ఒక్క మనిషి మూడు డ్యూటీలు చేస్తడా?’ అని అలిగి కూర్చున్నాడు. పంతం కొద్దీ మొదలుపెట్టాను గానీ, కొత్త ఫోల్డర్ చేయడం, లాగి వేయడం, పేరు మార్చడం నాకు మంచినీళ్ల ప్రాయమైపోయాయి.

నేను సైన్సు టీచర్ని. మణుగూరు పోయే బస్సులో మధ్యలో దిగి, అడవి దారిన కొంత నడిస్తే మా బడి వస్తుంది. ఆ ఏడాది మా బడికి కంప్యూటర్లు వచ్చాయి. వచ్చి, ఓ గదిలోకి పోయి, తాళం వేయించుకున్నాయి. వాటిని చూసుకునే టీచరు ఉంటే తప్ప గది తీయొద్దని పైనుంచి మాట. కంప్యూటర్ తెలిసినవాళ్లకు ఖమ్మంలో పరీక్ష పెడతారు, పాసైతే తాళంచెవి ఇస్తారు, ఎవరూ పాస్ కాకపోతే కంప్యూటర్లు వేరే బడికి పోతాయి.

గూడేల నుంచి వచ్చే పిల్లలు ఇంటర్వెల్‌లో ఆ గది కిటికీకి మొహాలు ఆనించి నిలబడేవాళ్లు. లోపల గుడ్డలు కప్పిన పెట్టెలు తప్ప ఏమీ కనపడదు. అయినా చూసేవాళ్లు. అటు నుంచి పోయినప్పుడల్లా నేను తల దించుకుని పోయేదాన్ని. ఎవరికైనా వచ్చా అని హెడ్మాస్టరు అడిగినప్పుడు స్టాఫ్‌రూంలో నేనొక్కదాన్నే చెయ్యెత్తాను. మా ఇంట్లో ఉంది సార్, రోజూ చేస్తాను అన్నాను. అబద్ధమేం కాదు.

ఖమ్మంలో ఇచ్చిన పనులు మూడు. సెలవు చీటీ టైపు చేయాలి, మార్కుల పట్టిక వేయాలి, ఒక ఫోల్డర్ చేసి రెండింటినీ అందులో పెట్టాలి. ప్రశ్నలు చూస్తే నవ్వొచ్చింది. ధీమాగా స్టార్ట్ నొక్కాను.

మధ్యాహ్నం డ్యూటీ లేదు.

పొద్దున డ్యూటీ లేదు, రాత్రిదీ లేదు. ఎటు చూసినా నాకు తెలియని ఇంగ్లీషు పేర్లు. ఒకదాని మీద బాణం పెడితే పక్కకు ఇంకో వరస, దాంట్లోంచి మరో వరస. పక్క సీట్లో కారేపల్లి నుంచి వచ్చిన సారు అప్పటికే టకటకా కొడుతున్నాడు. పరీక్ష చూసే సారు అటుగా వస్తే మెల్లగా అడిగాను.

"సార్, ఇందులో మధ్యాహ్నం డ్యూటీ ఎక్కడుంది?"

ఆయన గోడ గడియారం వైపు చూసి, మధ్యాహ్నం ఏం లేదు మేడం, పరీక్ష పన్నెండుకే అయిపోతుంది అని ధైర్యం చెప్పి వెళ్లిపోయాడు.

ఆ క్షణాన మా ఆయన ఎదురుగా ఉంటే ఏమయ్యేదో దేవుడికే తెలియాలి. రాత పనికి అసలు పేరేమిటో కూడా నాకు తెలియకుండా చేశాడు. కిటికీ దగ్గరి పిల్లలు గుర్తొచ్చి ఏడుపొచ్చింది. ఏడుపు వెనకే కోపం వచ్చింది. నాకు ఎప్పుడూ కోపమే మేలు చేస్తుంది. ఒక్కొక్కటే తెరిచాను, కాదనుకుంటే మూశాను. చివరికి నేనెరిగిన తెల్ల కాగితం కనబడింది. మరి గళ్ల పనికి మళ్లీ ఇంత వెతకాలా? ముందు వంటిల్లు సర్దుకోవాలి, తర్వాతే వంట. స్టార్ట్ బటన్ మీద కుడి క్లిక్ చేసి మెనూ లోపలికి దిగాను. మూడు డ్యూటీలూ కట్టాను. దొరికినదాన్ని దొరికినట్టు లాగి వేసి పేర్లు మార్చాను. ఎందుకో తెలియనివన్నీ నాలుగో ఫోల్డర్‌లో కుక్కి, దానికి ‘వీక్లీ ఆఫ్’ అని పేరు పెట్టాను. అప్పటికి గానీ ప్రాణం కుదుటపడలేదు. మిగిలిన కాసేపట్లో చీటీ, పట్టిక, ఫోల్డర్ ఎలాగో ముగించాను.

సారు వచ్చి మార్కులు ఎక్కించడానికి స్టార్ట్ నొక్కాడు. తెర మీదికి వంగాడు.

"గిదేంది మేడం?"

మా ఆయన కంట్రోల్ రూం దగ్గర్నుంచి మొదలుపెట్టి మొత్తం చెప్పాను. సారు ముఖం సీరియస్‌గానే పెట్టుకుని విన్నాడు. మార్కులు ఎక్కించే ప్రోగ్రాం కనబడక వెతికి వెతికి వీక్లీ ఆఫ్ తెరిచాడు. అది అందులోనే ఉంది. దాంతో ఆయన ఇక ఆపుకోలేకపోయాడు. పక్క సీట్ల వాళ్లంతా తిరిగి చూసేంతగా నవ్వాడు.

"పాసే మేడం. ఒక్క ఫోల్డర్ చేయమంటే ఐదు చేసిన్రు. గానీ మొదలు ఎట్లుండెనో గట్లనే పెట్టి పోండి. ఇంకో బ్యాచోళ్లు కూర్చోవాలె."

మొదట ఎలా ఉందో నాకేం తెలుసు?

"నాకు రాదు సార్. అసలుది ఎట్లుంటదో నేను ఎన్నడు చూడలే."

ఆయనే కూర్చుని ఒక్కోదాన్నీ దాని చోటికి పంపాడు. నేను పక్కన నిలబడి, నా ఇంట్లోనే ఉండి నాకు కనపడని పేర్లన్నీ చదువుకున్నాను. సిగ్గేసింది, సంబరంగానూ ఉంది. మా ఆయన మాత్రం, తన మెనూతోనే నేను పాసయ్యానని కాలనీ అంతా చాటింపు వేసుకున్నాడు.

గది తాళం తీసిన రోజు పిల్లలు చెప్పులు బయట విడిచి లోపలికి వచ్చి, గోడకు ఆనుకుని, చేతులు వెనక్కి పెట్టుకుని నిలబడ్డారు. ముట్టుకోవద్దని ఎవరూ అనకముందే. నాకు మెనూ సర్దేయాలని చేతులు దురద పెట్టాయి. సర్దలేదు. ఇంట్లో కోయ మాట్లాడే ఏడో తరగతి పిల్లను పిలిచి కూర్చోబెట్టాను. స్టార్ట్ నొక్కి, ఒక్కో పేరూ కూడబలుక్కుంటూ చదివి, ఒకచోట ఆగింది.

"టీచర్, ఇది ఏం చేస్తది?"

ఆ పేరు నేను ఖమ్మంలో చదివాను గానీ, అదేం చేస్తుందో నాకూ తెలియదు.

"నాకూ తెల్వదు. నొక్కు, చూద్దాం."

ఆ పిల్ల తలుపు వైపు ఒకసారి చూసింది, ఎవరైనా తిడతారేమోనని. తర్వాత నొక్కింది. మిగతావాళ్లంతా గోడ వదిలి ముందుకొచ్చారు.