దుర్గకు లేని పండగ

మచిలీపట్నం నుంచి నాగాయలంక వెళ్లే బస్సులో నా పక్కన దుర్గ అనే ఆవిడ కూర్చుంది. పుట్టింటికి వెళ్తున్నానంది. పండగా అని అడిగాను.

"పండగ మా అత్తారింట్లోనండి. వాళ్లు క్యాథలిక్కులు. పుట్టినరోజు కంటే తమ పేరున్న పునీతుడి రోజే, అంటే ఆ సెయింటు పండగే, వాళ్లకు గొప్ప. మా ఆయన పేరు అంతోని, మరిది పేరు యోహాను, ఇద్దరి పండగలూ ఈ జూన్‌లోనే అయ్యాయి. మావయ్యగారి పేరు పేతురు, ఇవాళ ఆయన పండగ. అన్నిటికీ వంట నాదే."

మా కర్నూలు వైపు ఇలాంటి పండగల సంగతి నేనెప్పుడూ వినలేదు.

"మరి మీ రోజు?"

"దుర్గ అని పునీతురాలు లేదు కదండీ! ఫాదర్‌గారిని అడిగితే, నవంబరులో సకల పునీతుల పండగ అందరిదీనమ్మా అన్నారు. అందరిదీ అంటే మళ్లీ వంట నాదేగా? అందుకే చెప్పకుండా వచ్చేశాను."

నాగాయలంకలో దిగేసరికి, బైకు మీద ఆమె భర్త, వెనక కోడిని పట్టుకుని మావగారు ఎదురుచూస్తున్నారు.

"పండగ ఇక్కడే చేసుకుందామమ్మా," అని పెద్దాయన బతిమాలారు.

దుర్గ తన సంచి భర్త చేతికిచ్చింది.

"అలాగే మావయ్యా. నేను కూర్చుని చెప్తాను, మీరిద్దరూ వండండి."

పెద్దాయన కోడి వంక చూశారు. కోడి కూడా ఆయన వంక చూసింది.