కారం వెయ్యని వంకాయ

వంకాయ మెత్తబడి, తన నీళ్ళలో తానే ఉడికి, ఆ నీళ్ళు ఇగిరి అంచులు నల్లబడే వేళకు ఒక వాసన వస్తుంది. పొయ్యి మీద బాణలిలో వేయించిన వంకాయకు ఆ వాసన రాదు. ఇవాళ మధ్యాహ్నం మా కోడలు కరెంటు ఓవెన్ తలుపు తీయగానే ఆ వాసన హాల్లో కూచున్న నా దాకా వచ్చింది. "ఇటలీ వంట అత్తమ్మా, ఫోనులో చూసి నేర్చుకున్నా" అంది మురిపెంగా. పిల్ల ఉత్సాహం మీద నీళ్ళు చల్లడం ఎందుకని ఊరుకున్నాను గానీ, ఊరుకోవడం నా ఒంటికి పడని పని. ఆ వంట నేను కొత్తగా కాపురానికి వచ్చిన ఏడాది కర్నూల్లోనే తిన్నాను. వండినవాడు మగవాడు. పేరు ఓబుళరెడ్డి. నేను మామా అని పిలిచేదాన్ని.

కర్నూలు రాజధానిగా ఉన్న రోజులవి. ఆఫీసులేమో గుడారాల్లో, గుమాస్తాలేమో ఎక్కడ వసారా దొరికితే అక్కడ. మా ఆయన కూడా ఆ గుమాస్తాల్లో ఒకడు. కడప దగ్గర పల్లె నుంచి నన్ను తీసుకొచ్చి, పాత ఊళ్ళో ఓబుళరెడ్డి మామ ఇంట్లో ఒక వాటాలో కాపురం పెట్టాడు. మామది నందికొట్కూరు పక్క పల్లె. యుద్ధంలో మిలిటరీ లారీ నడుపుతూ ఇటలీ దాకా పోయి వచ్చాడు. పిల్లలు లేరు. ఆయనా, ఆయన భార్య నరసమ్మత్తా, అంతే. మేము దిగిన మర్నాడు పొద్దున పెరట్లోకి పోతే, ఆరడుగుల మనిషి, ఇంతింత మీసాలు, కత్తిపీట ముందర గొంతుక్కూచుని వంకాయలు చక్రాలుగా తరుగుతున్నాడు. మా ఊళ్ళో మగవాళ్ళు కత్తి పట్టేది పొట్టేలును కోయడానికే. నేను గడపలోనే కొయ్యబారి నిలబడ్డాను. ఆయన తలెత్తి, "ఏమమ్మాయ్, మగోడు కూరగాయలు తరిగేది యాడా చూల్లేదా? ఇప్పుడు చూసినావు గదా. ఈడ కూచొని ఉల్లిగడ్డలు కొయ్యి" అన్నాడు. కూచున్నాను. ఆయన దగ్గర నా చదువు అలా మొదలైంది.

ఆయన వంటకు దిగింది సరదాకు కాదు. నరసమ్మత్తకు కడుపులో పుండు. పెద్దాసుపత్రి డాక్టరు కారం ముట్టకూడదన్నాడు. మా సీమలో మనిషికి ఆ మాట చెప్పడమూ, ఇక గాలి పీల్చొద్దని చెప్పడమూ ఒకటే. జొన్నరొట్టె మీద ఎర్రగా కారం కనబడకపోతే అత్తకు ముద్ద దిగదు. పాలన్నం పెడితే, ఇది పసిపిల్లలు తినే కూడు, నాకెందుకు అని కంచం తోసేసేది. కారం తింటే పుండు పగులుతుంది. తినకుండా పడుకుంటే ఆకలే తీసుకుపోతుంది. చూస్తుండగానే మనిషి ఎండిపోయింది, చేతి గాజులు మోచేతి దాకా జారేవి. మామ పగలంతా నవ్వుతూ, నన్ను వేళాకోళం చేస్తూ తిరిగేవాడు. అత్త తిన్న కంచం తీసేటప్పుడు మాత్రం అందులో ఎంత మిగిలిందో చూస్తూ నిలబడిపోయేవాడు. ఆ ముఖం చూడలేక నేను లోపలికి వెళ్ళిపోయేదాన్ని.

కారం లేకుండా కూడా మనిషి ఇష్టంగా తిన్న కూడు ఆయనకు తెలిసి ఒకటే ఉంది. ఒక వేసవిలో ఇటలీలో కొండ మీది పల్లెలో లారీ చెడిపోతే, ఒక ముసలామె పిలిచి పెట్టిందట. ఆమె మాట ఈయనకు రాదు, ఈయన మాట ఆమెకు రాదు. వంకాయ, ఉల్లిగడ్డ, టమేటా చక్రాలుగా తరిగి, మట్టి పళ్ళెంలో ఒకదానికొకటి ఆనించి పేర్చి, పైన నూనె పోసి, రొట్టెలు కాల్చి తీసేసిన పొయ్యిలో పెట్టి మరిచిపోయిందట. "కారం పిసరంత లేదమ్మాయ్. మొదటి ముద్దకు ఏడుపొచ్చినాది, ఇదేం కూడురా సామీ అని. రెండో ముద్దకు మా యమ్మ గుర్తుకొచ్చినాది. పళ్ళెం నాకినా" అని చెప్పాడు. అది వండితే నరసమ్మ తింటుందని ఆయన ఆశ. ఆ ఆశ తప్ప ఆయన దగ్గర వేరే మందు లేదు.

అలాంటి పొయ్యి మన ఇళ్ళల్లో ఎక్కడిది? ఆత్రగానికి బుద్ధి మట్టు అన్నట్టు, పెరట్లో గోడకు ఆనించిన నాపబండలు నాలుగు నిలబెట్టి, పైన ఒకటి కప్పి, ఎర్రమట్టి మెత్తి, లోపల తుమ్మకట్టెలు మండించాడు. నిప్పులు పక్కకు తోసి పళ్ళెం పెట్టాడో లేదో, పైబండ తుపాకి పేలినట్టు పేలింది. వంకాయ ముక్కలు నా చీర మీదా గోడ మీదా పడ్డాయి. మా ఆయన సగం గడ్డం గీసుకున్న ముఖంతో పరుగెత్తుకొచ్చాడు. నాపరాయి నిప్పుకు పగులుతుందని సీమలో పాలుతాగే బిడ్డకు కూడా తెలుసు. లోపల మంచం మీద నుంచి అత్త గొంతు వినిపించింది. "యుద్ధంలో సావనోడివి, వంకాయ వండి సస్తావా?" అని తిట్టి, ఆపుకోలేక నవ్వింది. ఆమె నవ్వు వినడం నాకు అదే మొదటిసారి. మామ ఆ ముక్కలయిన బండను చూస్తూ, తిట్లు తింటూ, ఎంతో సంతోషంగా నిలబడ్డాడు.

తర్వాత వీధి చివర రొట్టెలు కాల్చే సాయిబును అడిగి తెలుసుకుని, ఇటుకలతో నడుమెత్తు పొయ్యి కట్టాడు. ఈసారి కూర బాగానే మగ్గింది గానీ రుచి చూసి పెదవి విరిచాడు. ఆ ముసలామె చివర్లో ఏదో ఆకు చిదిమి చల్లిందట, దాని పేరు తెలియదు, వాసన మాత్రం ముక్కులో ఉండిపోయింది. కొత్తిమీర కాదు, పుదీనా కాదు. మా అమ్మ నాతో పంపిన వామాకు మొక్క ఒకటి పగిలిన కుండలో పెట్టుకున్నాను, జలుబుకు పనికొస్తుందని. ఒకరోజు కషాయానికి ఆకులు తుంచుతుంటే పక్కనుంచి పోతున్న మామ ఆగిపోయాడు. నా చేతిలోంచి ఆకు తీసుకుని నలిపి వాసన చూశాడు. "అదే కాదు గానీ, దాని చెల్లెలు" అన్నాడు. ఆ వేళ గానుగనూనె పోసి, వెల్లుల్లి దంచి, వామాకు చిదిమి వేసి చేశాడు. అత్త మంచం మీదనే కూచుని ఒక చక్రం తిని, మళ్ళీ కంచం ముందుకు చాపింది. మామ నా వైపు చూడకుండా వడ్డించాడు.

ఇంతటితో అయిపోయిందని మేము సంబరపడ్డాం. అత్త తింటూనే ఉంది గానీ నొప్పి తగ్గలేదు, రోజూ డొక్క పట్టుకుని ముడుచుకునేది. ఒక రోజు ఆమె చీర నేను బావి దగ్గర జాడిస్తుంటే కొంగు ముడి ఊడి, నీళ్ళు ఎర్రబడి, నా కళ్ళు భగ్గున మండాయి. ముడిలో కారప్పొడి! ఎవరూ లేనప్పుడు వేలికి అద్దుకుని నాకుతోందన్నమాట. మామ నా వెనకే ఉన్నాడు, అంతా చూశాడు. ఇల్లు అదిరిపోయేలా అరుస్తాడనుకున్నాను. ఆయన చెంబుతో నీళ్ళు తెచ్చి నా కళ్ళు కడిగించి వెళ్ళిపోయాడు.

ఆ వారంలోనే మా అమ్మ ఊరిబిండి పంపింది. శెనక్కాయలూ ఎండుమిరపకాయలూ రోట్లో నూరిన ఆ పచ్చడంటే మామకు ప్రాణం. గిన్నె నిండా తీసుకుపోతే, ఆయన అత్త మంచం పక్కన నేల మీద కూచుని ఆ చప్పటి వంకాయే తింటున్నాడు. గిన్నె పక్కకు జరిపి, మీ ఆయనకు పెట్టుకోమ్మా అన్నాడు. అత్త ఆయన కంచంలోకి వంగి చూసింది. చారు కూడా తెల్లగా ఉంది.

"నువ్వెప్పటి నుంచి మానుకున్నావు?" అని అడిగింది.

"ఆ చీర ఉతికిన పొద్దటి నుంచే."

"రోగం నాకు గదా. నువ్వెందుకు నోరు కట్టేసుకోవాల?"

"కట్టేసుకోలేదే. నువ్వొక్కదానివే చప్పిడి తింటాంటే నాకు శానా కష్టంగా ఉండాది. పక్కన కూచొని తింటాండా, అంతే."

ఆమె కళ్ళు తుడుచుకోవడానికి కొంగు తీసి, ఆ కొంగులోనే కొత్తగా కట్టుకున్న ముడిని చూసుకుంది. మెల్లగా విప్పి, ఆ కారం నా అరచేతిలో పోసింది. "ఇంద, నీ చారులో ఏసుకో. ఈయప్పతో నేను యాగలేను" అంది. నేను మా వాటాలోకి వచ్చి గట్టిగా ఏడ్చాను. కారం చేత్తో కళ్ళు తుడుచుకుని ఇంకా ఏడ్చాను.

ఆమె పుండు మానింది. రాజధాని హైదరాబాదుకు పోతే దాని వెంట మేమూ పోయాం. అత్త ఆ తర్వాత చాలా ఏళ్ళు బతికి, ముసలితనంతోనే పోయింది. పలకరించడానికి నేను కర్నూలు వెళ్ళి, మామకు రొట్టె కాల్చి, ఇంకెందుకులే పథ్యమని పచ్చడి వడ్డించబోయాను. ఆయన కంచానికి చెయ్యి అడ్డం పెట్టాడు. "వద్దులే అమ్మాయ్. ఆయమ్మ పక్కన కూచొని తినేది అలవాటైపోయినాది" అన్నాడు. పక్కన ఖాళీ మంచం ఉంది. నేను పచ్చడి తీసేసి, ఆయనతో పాటు చప్పటి రొట్టె తిన్నాను. అదే ఆయనను చివరిసారి చూడడం.

ఈ మధ్య మా ఆయనకు రక్తపోటని డాక్టరు ఉప్పు మాన్పించాడు. రెండు రోజులు చిన్నపిల్లవాడిలా అలిగాడు. ఇవాళ కోడలు పళ్ళెం తెచ్చి బల్ల మీద పెడుతూ, ఒక మూల ఉప్పు వెయ్యలేదు, అది మామయ్యకు అంది. నేను ఆ మూలలోంచే నాకూ పెట్టమన్నాను.

"డాక్టరు చెప్పింది మామయ్యకు ఒక్కరికే కదా అత్తమ్మా?"

"ఆయనకొక్కరికే. నువ్వు పెట్టు."

మా ఆయన నా కంచంలోకి ఒకసారి చూసి, తన కంచం దగ్గరకు లాక్కున్నాడు. వంకాయ బాగా మగ్గింది, వామాకు వెయ్యలేదు గానీ. నిజం చెప్పొద్దూ, నోట్లో పెడితే చప్పగా ఉంది. ఇద్దరం మొత్తం తినేశాం.